ఇంట్లోకి రమ్మన్నంత మాత్రాన

(యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘములో మిషన్ సేవకు, అంటే సంఘం తరఫున ఇళ్లకు వెళ్లి బోధించే పనికి, సిద్ధమవుతున్న యువతీయువకులకూ వాళ్ల తల్లిదండ్రులకూ హనుమకొండలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ అమ్మలు, నాయనలు ముందుకొచ్చి కూర్చోండి. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

సిద్ధాంతం మీకు ఆదివారం తరగతుల్లో చెబుతూనే ఉన్నారు. ఇవాళ పని గురించి మాట్లాడుకుందాం. పొద్దున ఎన్నింటికి లేవాలి, ఏం వండుకోవాలి, ఒకరింటికి వెళ్తే ఎక్కడ కూర్చోవాలి, ఎప్పుడు లేచి రావాలి. చిన్న సంగతులే. కానీ మిషనరీల బోధన చెడిపోయేది చాలావరకు ఇక్కడే.

ఎందుకో ముందే చెప్తాను. మన దిక్కు మనుషులు గడప దగ్గరికి వచ్చినవాళ్లను పొమ్మనరు. ‘కూసోండ్రి’ అంటారు, మంచినీళ్లిస్తారు, చాయ్ పెడతారు. చెప్పిందంతా విని తలూపుతారు. మళ్లీ ఎప్పుడు రమ్మంటారని అడిగితే ‘ఎప్పుడన్న రాండ్రి, మన ఇల్లే’ అంటారు. పద్దెనిమిదేళ్ల పిల్లవాడు ఇదంతా చూసి, ఈ ఇంటివాళ్లు ఒప్పుకున్నారని రాత్రి లెక్క రాసుకుంటాడు. వాళ్లు చేసింది అతిథి మర్యాద. ఆ మర్యాదనే విశ్వాసం అనుకుని బాప్తిస్మం దాకా తీసుకుపోతే, కొన్నాళ్లకు ఆ కుటుంబం ఆదివారం కనబడదు. వాడకట్టులో, చుట్టాల్లో మాటలు పడేది కూడా వాళ్లే. అప్పటికి మిషనరీ ఇంకో ఊళ్లో ఉంటాడు. అందుకని మర్యాద ఎక్కడ ఆగింది, మనసు ఎక్కడ మొదలైంది అని చూడడం నేర్చుకోవాలి. ఇవాళ చెప్పే వివరాలన్నీ దానికోసమే.

తల్లిదండ్రుల కోసం మూడు నాలుగు సంగతులు త్వరగా చెప్పేస్తాను. మగపిల్లలకు సేవాకాలం 24 నెలలు, ఆడపిల్లలకు 18 నెలలు. 2012 అక్టోబరులో అబ్బాయిల వయసు 19 నుంచి 18కీ, అమ్మాయిల వయసు 21 నుంచి 19కీ తగ్గించారు. ఇటీవల అమ్మాయిలకూ 18 చేశారు. జీతం లేదు. ఖర్చులో కుటుంబం వాటా ఉంటుంది. అమెరికా మిషనరీలకు ఆ వాటా 2020 జులై నుంచి నెలకు 500 డాలర్లు. మన దగ్గర స్తోమతును బట్టి బిషప్పుతో, అంటే స్థానిక సంఘం పెద్దతో, మాట్లాడి నిర్ణయించుకుంటారు, మిగతాది సంఘం చూసుకుంటుంది. ఎక్కడికి పంపాలన్నది మిషనరీ ఎంచుకోడు. ఇంటికి ఫోన్ వారానికి ఒకసారి చేసుకోవచ్చు. 2019 ఫిబ్రవరికి ముందు ఏడాదికి రెండుసార్లే ఉండేది. మీరు కూడా రోజూ మెసేజీలు పెట్టి పిల్లల మనసు ఇంటివైపు లాగకండి. ఆ వారం ఫోన్ వచ్చినప్పుడు మాత్రం తీరిగ్గా మాట్లాడండి.

ఇంకొకటి, ఈ సంఘం తెలుగువాళ్ల దగ్గరికి ఎట్లా వచ్చిందో గుర్తుంచుకోండి. 1850లలో కలకత్తాకు వచ్చిన తొలి మిషనరీలు కొద్దిమందినే చేర్చుకుని వెనుదిరిగారు. 1978లో హైదరాబాదుకు చెందిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ ధర్మరాజు దంపతులు సమోవా నుంచి వచ్చి తమ బంధువులకు చెప్పుకున్నారు. ఆ ఇంటివాళ్లే బాప్తిస్మం తీసుకున్నారు. 2012లో మన దేశంలో మొదటి స్టేకు (కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం) ఏర్పడింది కూడా హైదరాబాదులోనే. బజార్లో నిలబడి కరపత్రాలు పంచితే వచ్చింది కాదిది, ఒకరినొకరు ఎరిగినవాళ్ల మధ్య నడిచింది. ఇప్పటికీ పని అట్లాగే చేయాలి. సభ్యులు పరిచయం చేసిన ఇళ్లకు, రమ్మన్న ఇళ్లకు వెళ్లండి. కనబడ్డ తలుపల్లా తట్టకండి.

ఇక రోజు సంగతి. ఆరున్నరకు లేవాలి. ప్రార్థన, అరగంట వ్యాయామం. స్నానం, టిఫిను అయ్యాక ఎనిమిది నుంచి తొమ్మిది వరకు ఎవరి చదువు వాళ్లది, తొమ్మిది నుంచి పది వరకు కంపానియన్‌తో, అంటే మీకు జంటగా ఉండే మిషనరీతో, కలిసి ఇద్దరి చదువు. పదింటికి బయటికి. రాత్రి తొమ్మిదికల్లా గదికి రావాలి, మర్నాటి పని రాసుకోవాలి, పదిన్నరకు దీపం ఆర్పాలి. 2017 తర్వాత ఈ వేళల్ని ఊరి తీరును బట్టి కొంచెం జరుపుకునే వీలిచ్చారు. ఆ వీలును మే నెలలో తప్పక వాడుకోండి. రామగుండం, మంచిర్యాల ఎండలు మీకు తెలియనివి కావు. పన్నెండు నుంచి నాలుగు దాకా బయట తిరిగితే వడదెబ్బ తప్ప బోధన ఉండదు, ఆ వేళ ఏ ఇంట్లోనూ ఎవరూ కూర్చుని వినరు. ఎండాకాలం ఆ నాలుగు గంటలు చదువుకు, ఫోన్లకు పెట్టుకుని, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిదిన్నర దాకా ఇళ్లకు వెళ్లండి. మనిషికి రోజుకు మూడు నాలుగు లీటర్ల నీళ్లు, సంచిలో రెండు ఓఆర్ఎస్ పొట్లాలు.

ఇద్దరి చదువు గంటను చాలామంది చేజార్చుకుంటారు. ఒకరు చదువుతుంటే ఇంకొకరు ఫోన్ చూస్తుంటారు. ఆ గంటలో చేయాల్సింది ఒకటే: ఆ రోజు వెళ్లబోయే ఇంటి మనిషిని తలుచుకుని పాఠం సాధన చేయడం. ఒకరు మిషనరీ, ఒకరు ఆ ఇంటి పెద్దాయన. పెద్దాయనగా కూర్చున్నవాడు అడ్డు ప్రశ్నలు వేయాలి. ‘మేం సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం), చిన్నప్పుడే బాప్తిస్మం అయింది, మళ్లెందుకు?’ ‘ఎల్లమ్మకు బోనం చేసుడు మానాల్నా?’ ఇవి రేపు నిజంగా వచ్చే ప్రశ్నలు. గదిలో ఒకసారి తడబడితే బయట తడబడరు.

గది దొరకడం కూడా ఒక పనే. ఇద్దరు పెళ్లికాని పిల్లలంటే ఓనరు అనుమానంగా చూస్తాడు. ఎవరో, ఏం చేస్తారో మొదటి రోజే చెప్పండి, ఆధార్ జిరాక్సులు ఇవ్వండి, రాత్రి తొమ్మిదికి గేటు లోపల ఉంటామని చెప్పి ఉండండి. వంట మీరే చేసుకోవాలి. రాత్రి రోజూ బయట తింటే నెల డబ్బు ఇరవయ్యో తారీకుకే అయిపోతుంది, కడుపూ చెడుతుంది. ఇద్దరికి పూటకు పావు కిలో పైచిలుకు బియ్యం, ఒక పప్పు, ఒక కూర వండడం వచ్చి ఉండాలి. పచ్చిపులుసు, సర్వపిండి చేతనైతే ఇంకా మంచిది. అమ్మలూ, మీరు పిల్లలకు ఇప్పుడే నేర్పండి, కుక్కర్ విజిల్ గురించి కూడా తెలియకుండా పంపకండి. తాగే నీళ్లు ఇరవై లీటర్ల క్యాన్ తెచ్చుకోండి, లేదా కాచి చల్లార్చుకోండి. వానాకాలం దోమతెర. జ్వరం రెండో రోజుకూ తగ్గకపోతే మెడికల్ షాపు మాత్రలతో నెట్టుకురాకుండా మీ ప్రాంతపు మిషనరీలందరినీ చూసుకునే మిషన్ అధ్యక్షుడి ఇంటికి ఫోన్ చేసి రక్తపరీక్ష చేయించుకోండి.

వారంలో ఒక రోజు సన్నాహక దినం, ఎక్కువగా సోమవారం. బట్టలు, సామాన్లు, క్షవరం, ఇంటికి ఫోన్. సాయంత్రం ఆరింటికి అది అయిపోతుంది, మళ్లీ పనిలో పడాలి. అమ్మాయిలకు ఒక మాట: తెలంగాణ ఆధార్ ఉంటే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబరు నుంచి టికెట్ డబ్బులు లేవు. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన మీ తోటి సిస్టర్‌కు ఆ వీలు లేదు, ఆమె చార్జీ లెక్కలో పెట్టుకోండి.

కంపానియన్ గురించి. ఎప్పుడూ ఇద్దరే, ఒకరికొకరు కనబడేంత, వినబడేంత దూరంలో. దాదాపు ఆరు వారాలకోసారి బదిలీలు వస్తాయి. ఒకడు నాగాలాండ్ వాడు, ఇంకొకడు జనగామ వాడు అయితే వంటింట్లోనే గొడవ మొదలవుతుంది. వారానికోసారి ప్రణాళిక వేసుకునేటప్పుడు ఒకరి మీద ఒకరికున్నది చెప్పుకోవాలని నియమం ఉంది. ఆ పని చేయండి. చెప్పుకోకుండా దాచుకున్నది పాఠం మధ్యలో బయటపడుతుంది: ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ఎటో చూస్తుంటారు. ఇంటివాళ్లు అది వెంటనే పసిగడతారు.

ఇప్పుడు ఒక ఇంటికి వెళ్లడం గురించి. ఇక్కడ నెమ్మదిగా చెప్తాను.

ముందు రోజు ఫోన్ చేయండి, వెళ్లే రోజు పొద్దున మళ్లీ చేయండి. గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి లాంటి బొగ్గు గనుల ఊళ్లలో అయితే ఆయన ఏ షిఫ్టో అడగండి. రాత్రి షిఫ్టు చేసి పడుకున్న మనిషిని పదింటికి లేపితే ఆ ఇంట్లో ఇంక మీ మాట ఎవరూ వినరు. మిర్చి సీజన్లో ఏనుమాముల మార్కెట్‌కు బస్తాలు తోలుకుపోయిన రైతు ఎప్పుడు తిరిగొస్తాడో ఆయనకే తెలియదు. నాట్లప్పుడు ఆడవాళ్లు చీకటితోనే పొలానికి పోతారు. బతుకమ్మ తొమ్మిది రోజులూ సాయంత్రం పూట, మేడారం జాతర వారమంతా ఇళ్లకు పోయి పాఠాలు పెట్టకండి.

వెళ్లాక చెప్పులు బయట విడిచి, పేరు, ఎవరు చెబితే వచ్చారో, ఏ సంఘమో చెప్పండి. యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము. మోర్మన్లు అని బయటివాళ్లు అనే మాట. 2018 నుంచి సంఘ నాయకత్వం పూర్తి పేరే వాడమంటోంది. ‘మేమూ చర్చివాళ్లమే’ అని సగం చెప్పి లోపలికి పోవడం మోసమే అవుతుంది. ఇంట్లో ఆడమనిషి ఒక్కరే ఉంటే అబ్బాయిలు లోపలికి వెళ్లకూడదు, అమ్మాయిలకూ మగమనిషి ఒక్కడే ఉన్న ఇంట్లో అంతే. ఫలానా వేళ మళ్లీ వస్తామని గేటు దగ్గరే చెప్పి వెనక్కి రండి. అందరూ ఉంటే వరండాలోనో తలుపు తీసి ఉన్న ముందు గదిలోనో కూర్చోండి. ఇంటి పెద్ద కింద కూర్చుంటే మీరు మంచం ఎక్కకండి. పెద్దాయనను వదిలేసి కొడుకుతో, కోడలితో మాట్లాడడం మొదలుపెట్టకండి. ఆయన వినకపోయినా సరే, ఆయన అనుమతి ముందు కావాలి.

ప్రార్థన చేయవచ్చా అని అడగండి. చేస్తే నిమిషంలో ముగించండి. మొత్తం పాఠం అరగంట దాటకూడదు. మొదటి ఐదు నిమిషాలు క్షేమసమాచారం, పోయినసారి ఒప్పుకున్న పని ఏమైందన్నది. పది పన్నెండు నిమిషాలు మీరు చెప్పేది, అదీ ఒక్క అంశం. పది నిమిషాలు వాళ్లు మాట్లాడేది. చివరి రెండు మూడు నిమిషాలు తర్వాత చేయాల్సిన పని. 2004లో వచ్చి 2023లో రెండో కూర్పు పొందిన మన బోధనా పుస్తకంలో మొదటి పాఠం పునఃస్థాపన. దేవుడు తండ్రి అన్నది, ప్రవక్తలు, యేసు పరిచర్య, ఆ తర్వాత దేవుడిచ్చిన అధికారం భూమ్మీద లేకుండా పోవడం, 1820లో పద్నాలుగేళ్ల జోసెఫ్ స్మిత్ ప్రార్థన, మోర్మన్ గ్రంథము, ఇవన్నీ అందులో ఉన్నాయి. కొత్త మిషనరీ వీటన్నిటినీ ఒక్క కూర్చోటులో చెప్పేస్తాడు. ముప్పావుగంట పడుతుంది, ఇంటివాళ్లు మర్యాదకు కూర్చుంటారు, ఏదీ గుర్తుండదు. రెండు మూడు రోజులకు పంచుకోండి.

ప్రశ్న ఎట్లా అడుగుతారన్నది ముఖ్యం. ‘దేవుణ్ణి నమ్ముతున్నారా?’ అంటే ‘నమ్ముతున్నం’ అంటారు. కాదనడం మర్యాద కాదు కాబట్టి. ‘మీ ఇంట్లో ప్రార్థన ఎవరు చేస్తారు? ఈ మధ్య దేనికోసం చేశారు?’ అని అడగండి. దీనికి అవును అని జవాబు ఉండదు, ఏదో ఒకటి చెప్పాల్సిందే. అడిగాక ఊరుకోండి. మనసులో పది లెక్కపెట్టండి. ఆ నిశ్శబ్దం భరించలేక కంపానియన్ మధ్యలో దూరి జవాబు చెప్పేస్తాడు, అదే పెద్ద తప్పు. పెద్దవాళ్లు జవాబును కూడగట్టుకోవడానికి టైమ్ తీసుకుంటారు.

పుస్తకం చేతికిచ్చి చదవమనే ముందు ఆ మనిషికి చదువు వచ్చో రాదో కనుక్కోండి. నలుగురిలో చదవలేక తలదించుకున్న మనిషి మళ్లీ మిమ్మల్ని పిలవడు. ‘మేం చదువుతాం, మీకేం అర్థమైందో చెప్పండి’ అంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. చదువుకోమని ఇచ్చేటప్పుడు కొలత చెప్పండి: మోర్మన్ గ్రంథములో మూడవ నీఫై 11వ అధ్యాయం మొదటి 17 వచనాలు, గురువారం రాత్రిలోగా. లేదా మొరోనై 10వ అధ్యాయం 3 నుంచి 5 దాకా, చదివి ప్రార్థన. ‘ఎప్పుడు చదువుతారు? అన్నం తిన్నాకా, పొద్దున్నా? ఎవరితో కలిసి?’ అని అడగండి. మర్యాదకు ఒప్పుకున్నవాళ్ల దగ్గర దీనికి జవాబు ఉండదు. మర్నాడు ఫోన్లో ‘చదివారా?’ అని అడగవద్దు. చదవకపోయినా చదివినమే అంటారు. ‘ఏ మాట దగ్గర ఆగారు?’ అనండి.

మూడోసారి వెళ్లినప్పుడు ఒక పని తప్పకుండా చేయండి. కాదనడానికి వాళ్లకు దారి ఇవ్వండి. ‘అంకుల్, మీకు ఇది వద్దనిపిస్తే చెప్పండి. మేం ఏమీ అనుకోం, బస్టాండులో కనబడితే ఎప్పటిలాగే పలకరిస్తాం.’ ఇది మనస్ఫూర్తిగా అనాలి, అన్నట్టే నడుచుకోవాలి. సగం ఇళ్లు అప్పుడు నెమ్మదిగా తప్పుకుంటాయి. తప్పుకోనివ్వండి. మిగిలిన ఇంట్లో మనిషి తనంతట తాను చదివాడా, తన మాటల్లో ప్రార్థించాడా, తన చార్జీ పెట్టుకుని ఆదివారం వచ్చాడా చూడండి. మూడూ జరిగితే అప్పుడు బాప్తిస్మం మాట ఎత్తండి. డబ్బు, ఉద్యోగం, పిల్లల చదువు, ఆస్పత్రి ఖర్చు, వీటిలో ఏ ఒక్కదాన్నీ చూపించకండి, పది రూపాయల బిస్కెట్ పొట్లం కూడా తీసుకుపోకండి.

చాయ్ సంగతి. 1833 నాటి జ్ఞానవాక్యము, అంటే మన సంఘం ఆరోగ్య నియమం, ప్రకారం చాయ్, కాఫీ, మద్యం, పొగాకు వద్దు. వెళ్లిన ఇంట్లో చాయ్ వద్దంటే మన దిక్కు చిన్నబుచ్చుకుంటారు. అందుకని పెట్టేదాకా ఆగకుండా కూర్చుంటుండగానే ‘అత్తమ్మా, మేం చాయ్ తాగం, ఇన్ని నీళ్లియ్యండి, మజ్జిగుంటే తాగుతం’ అనండి. ఏదో ఒకటి మీరే అడిగి తీసుకుంటే ఆమె మర్యాద నిలబడుతుంది. ఈ నియమం మీద ఉపన్యాసం మాత్రం ఆ రోజు వద్దు.

బాప్తిస్మానికి సిద్ధమయ్యేవాళ్లతో ఈ విషయం మాట్లాడేటప్పుడు జాగ్రత్త. రోజుకు ఐదారు కప్పులు తాగేవాళ్లు ఒక్కసారి మానేస్తే రెండు మూడు రోజులు తలనొప్పి ఉంటుంది, రోజుకో కప్పు తగ్గించుకోమనండి. మందు, కల్లు అట్లా కాదు. ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపితే చేతులు వణుకుతాయి, మూర్ఛ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుస్తాయి. అలవాటైన మనిషికి అది అందకపోతే పిచ్చిగా ప్రవర్తించడం, ఫిట్స్ రావడం నిజామాబాద్ దిక్కు డాక్టర్లు ఎరిగినదే. అటువంటి మనిషితో ‘ఇవాళే మానెయ్, ప్రార్థన చేద్దాం’ అనే హక్కు మీకు లేదు. ముందు ప్రభుత్వ ఆస్పత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకుపొమ్మని ఇంటివాళ్లకు చెప్పండి, మన వరంగల్‌లో ఎంజీఎం ఉంది. ప్రార్థన తోడుగా చేయండి.

బాప్తిస్మం ముందు చెప్పి తీరాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. దాన్ని మిషనరీలు చెప్పరు, చెబితే వెనక్కి పోతారని భయం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవాళ్లకే ఎస్సీ హోదా. క్రైస్తవంలోకి మారిన దళితులు మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తారు. పిల్లల సీటు, ఉద్యోగం, స్కాలర్‌షిప్ అన్నీ దీనితో ముడిపడి ఉన్నాయి. కుటుంబం అంతా కూర్చున్నప్పుడు ఈ మాట మీరే తీయండి. కావాలంటే వకీలును అడిగి రమ్మనండి, నెల రోజులు ఆగమనండి. తెలిసి వచ్చిన మనిషి నిలబడతాడు. తెలియక వచ్చినవాడికి తర్వాత తెలిస్తే, దాచింది మీరే కాబట్టి, మీరు చెప్పిన దేన్నీ నమ్మడు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు తల్లిదండ్రుల అనుమతి, పెళ్లయినవాళ్లకు భార్య లేదా భర్త అంగీకారం లేకుండా ముందుకు పోవద్దు.

చట్టం కూడా తెలిసుండాలి. రాజ్యాంగం 25వ అధికరణం ప్రచార హక్కు ఇస్తుంది, శాంతిభద్రతలకు లోబడి. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో వచ్చిన చట్టం ప్రకటించిన పుణ్యస్థలాల్లో అన్యమత ప్రచారం చేయకూడదంటుంది. గుడి ఉన్న ఊళ్లలో గుడి పరిసరాల్లో మీ పుస్తకం సంచిలోంచి బయటికి తీయకండి. విదేశీ మిషనరీ టూరిస్టు వీసా మీద ఈ పని చేయకూడదు. ఎవరైనా వీధిలో ఆపి గద్దిస్తే వాదించకండి, ఫోన్ తీసి వీడియో చేయకండి, పేరు చెప్పి అక్కడినుంచి వచ్చేసి మిషన్ అధ్యక్షుడికి చెప్పండి. ఏ ఇంట్లోనూ వాళ్ల దేవుళ్ల గురించి ఒక్క తక్కువ మాట రాకూడదు.

ముందే క్రైస్తవులైనవాళ్ల దగ్గరా అంతే. ఆంగ్లికన్ సంఘంలో అజరయ్య గారు 1912లో డోర్నకల్ బిషప్పు అయిన నాటి నుంచీ, అంతకుముందు హనుమకొండలో బాప్టిస్టులు వచ్చిన నాటి నుంచీ తరాలుగా ఆరాధిస్తున్న ఇళ్లు ఇక్కడున్నాయి. మన సంఘంలో చేరాలంటే మళ్లీ బాప్తిస్మం కావాలన్నది నిజం, బాప్తిస్మం ఇచ్చే అధికారం గురించి మన నమ్మకం అది. దాన్ని సూటిగా చెప్పండి. వాళ్ల తాతల భక్తిని తక్కువ చేయకుండా చెప్పండి.

బాప్తిస్మం రోజు జరిగే పొరపాట్లు. మాటలు ఒక్క అక్షరం తప్పినా మళ్లీ చెప్పాలి. మనిషి పూర్తిగా మునగాలి, వేలి కొస గానీ బట్ట అంచు గానీ పైకి తేలితే ఇద్దరు సాక్షులు చెబుతారు, మళ్లీ చేయాలి. 2019 అక్టోబరు నుంచి ఆడవాళ్లూ, బాప్తిస్మం పొందిన పిల్లలూ సాక్షులుగా ఉండవచ్చు. ఎక్కువగా తేలేది కాలి వేళ్లు. మోకాళ్లు వంచమని ముందే నేర్పండి. మీ ఎడమ చేత్తో వాళ్ల కుడి మణికట్టు పట్టుకోండి, వాళ్లు ఎడమ చేత్తో మీ ఎడమ మణికట్టు పట్టుకుంటారు. ప్రార్థన అయ్యాక మీ కుడి చేయి వాళ్ల వీపు పైభాగాన వేసి వంచాలి. నీళ్లు నడుము దాకా ఉండాలి. తెల్ల చీర, చున్నీ నీళ్లలో గాలి పట్టి తేలుతాయి, వాటితో దిగనివ్వకండి, కుట్టిన తెల్ల బట్టలు ఇవ్వండి. పొడుగు జుట్టు ముడివేయాలి. ముందు రోజు పొడి నేల మీద ఒకసారి చేసి చూపించండి, నీళ్లంటే భయం ఉన్నవాళ్లకు సగం భయం పోతుంది.

(సభలో నుంచి ఒక తండ్రి: ‘డిగ్రీ రెండో సంవత్సరం నడుస్తున్నది. నడుమల ఆపి పోతే మళ్ల సీటు ఉంటదా?’)

మంచి ప్రశ్న, నాయనా. నడుమ ఆపకండి. ఇంటర్ అయ్యాక గానీ డిగ్రీ అయ్యాక గానీ వెళ్లడం మేలు. మిషన్‌కు వెళ్లడానికి ఈ ఏడాదే అన్న గడువు లేదు. తప్పనిసరై నడుమే వెళ్లాలంటే, రెండేళ్ల తర్వాత చేర్చుకుంటారా, సిలబస్ మారితే ఏం చేయాలి అని ప్రిన్సిపాల్‌ను కాగితం మీద అడిగి, జవాబు కూడా కాగితం మీదే తీసుకోండి. నోటిమాట మీద పోవద్దు. స్కాలర్‌షిప్ ఉన్నవాళ్లు అది ఆగుతుందేమో ఆఫీసులో కనుక్కోండి.

ఈ లోపల చేయాల్సినవి: బిషప్పుతో, స్టేకు అధ్యక్షుడితో ఇంటర్వ్యూలు, డాక్టరు పరీక్ష, పళ్ల పరీక్ష. పుచ్చిన పన్ను ఉంటే ఇప్పుడే పీకించుకోండి, కొత్త ఊళ్లో పంటి నొప్పితో నాలుగు రోజులు పోతాయి. పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టండి, ఆధార్‌లో, టెన్త్ మెమోలో పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి. తేడా ఉంటే ముందు అది సరిచేయించుకుని ఆ తర్వాతే ఫారం నింపండి.